అడిగాక పుట్టే పేజీ

పదో తరగతి ఫలితాల రోజు అందరూ కొట్టే అడ్రసు ఒకటే. హాల్ టికెట్ నంబరు వేసి మీట నొక్కగానే ఎవరి మార్కులు వాళ్లకు వస్తాయి. పేజీ పైనున్న బోర్డు పేరు మారదు, గళ్లు మారవు, అడుగున చిన్న అక్షరాల్లో ఉండే హెచ్చరిక మారదు. పేరూ అంకెలూ మాత్రం మారతాయి. రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపితే ఏటా పది లక్షల దాకా పిల్లలు ఈ పరీక్ష రాస్తారు. మరి ఈ పది లక్షల పేజీలూ ఎవరో ముందే కూర్చుని తయారు చేసి పెట్టారా? పెట్టకపోతే మనవాడి పేజీ ఎక్కణ్నుంచి ఊడిపడింది?

మీట నొక్కేదాకా ఆ పేజీ ఎక్కడా లేదు. నొక్కాక ఏదో ఒక కంప్యూటర్లో, సెకనులో ఏ పదో వంతులోనో అది తయారైంది. మీకు అందింది. అక్కడ చెరిగిపోయింది. పక్కింటి అమ్మాయి నంబరు వేసినప్పుడు మళ్లీ మొదటి నుంచీ ఇంకొకటి తయారైంది. ఇలాంటి వాటిని డైనమిక్ పేజీలంటారు. అప్పటికప్పటి పేజీలు అని మనం చెప్పుకోవచ్చు. బ్యాంకు ఖాతా నిల్వ, కరెంటు బిల్లు, రైలు టికెట్టు అన్నీ ఈ జాతివే. వీటిని తయారు చేయించి మనకు అందించే ప్రోగ్రామే వెబ్ సర్వరు. దాన్ని ఇంట్లో ఉన్న కంప్యూటర్లోనే ఒక సాయంత్రం నడిపి చూడొచ్చు. అయితే ఏది దాని పనో, ఏది కాదో ముందే తెలిసి ఉంటే రాబోయే తలనొప్పులు సగం తగ్గుతాయి.

గోడ మీద బోర్డు, గుళ్లో అర్చన

సర్వరు అంటే ఇక్కడ యంత్రం కాదు, యంత్రంలో నడిచే ప్రోగ్రాం. దాని బతుకు చాలా సాదా. ఒక ద్వారం దగ్గర చెవి ఒగ్గి కూర్చుంటుంది. ఎవరైనా ఏదైనా అడిగితే జవాబిస్తుంది, మళ్లీ కూర్చుంటుంది. ఆ ద్వారానికి ఒక సంఖ్య ఉంటుంది, దాన్ని పోర్టు అంటారు. వెబ్‌కు వాడుకలో ఉన్నది 80. మధ్యలో ఎవరూ చదవకుండా రహస్య లిపిలో మాట్లాడుకోవాలంటే 443. బ్రౌజరు పంపేది కొన్ని వరసల ఉత్తరం: ఫలానా పేజీ కావాలి, నేను ఫలానా బ్రౌజరును, నాకు ఫలానా భాషలు వచ్చు. తిరిగొచ్చే జవాబులో మొదటి వరసలోనే మూడంకెల సంఖ్య ఉంటుంది. 200 అంటే ఇదిగో తీసుకో. 404 అంటే నువ్వడిగింది నా దగ్గర లేదు. 500 అంటే నేను చేయబోతుంటే నా దగ్గరే ఏదో విరిగింది. అప్పటికప్పటి పేజీల లోకంలో ఈ 500తో తరచు ముఖాముఖి అవుతుంటాం. ఉన్న ఫైలును తీసి ఇవ్వడంలో విరగడానికి పెద్దగా ఏమీ ఉండదు కదా!

గుడికి వెళ్లేవాళ్లకు ఈ తేడా ఇట్టే బోధపడుతుంది. మండపం గోడ మీద స్థలపురాణం బోర్డు ఉంటుంది. పొద్దున వచ్చినా, సాయంత్రం వచ్చినా, ఎవరు చదివినా అందులో ఉండేది అదే. వెబ్‌లో అలాంటిదాన్ని స్టాటిక్ పేజీ అంటారు, అంటే స్థిర పేజీ. డిస్కులో ఫైలుగా పడి ఉంటుంది, అడిగితే సర్వరు తీసి ఉన్నదున్నట్టు ఇస్తుంది. అర్చన సంగతి వేరు. చీటీ మీద గోత్రం, ఇంటిల్లిపాది పేర్లు రాసిస్తాం. పూజారి చెప్పే సంకల్పం అందరికీ ఒకటే, కాని దానిలో కొన్ని ఖాళీలున్నాయి. సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, తిథి, వారం ఆ రోజు పంచాంగాన్ని బట్టి వస్తాయి. గోత్రనామాలు మన చీటీ నుంచి వస్తాయి. మిగిలిందంతా ఆయనకు కంఠతా వచ్చిందే. అప్పటికప్పటి పేజీ కూడా ఇంతే. మారని భాగాన్ని మూస అందాం, టెంప్లేట్ అని వాడుక. మనం వేసిన హాల్ టికెట్ నంబరు చీటీ. మార్కులన్నీ దాచిన డేటాబేసు పంచాంగం. ఈ మూడింటినీ కలిపి ఒక పేజీగా పలికే ప్రోగ్రాం పూజారి. మరి వెబ్ సర్వరో? చీటీ అందుకుని, ఇది బోర్డు చూపిస్తే సరిపోయేదా, లోపలికి పంపాల్సిందా అని తేల్చే కౌంటరు మనిషి. సంకల్పం అతనికి రానక్కర్లేదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లలో చాలామంది దగ్గర ఈ చివరి ముక్కే జారిపోతుంది. పూజారి పని చేసే పీహెచ్‌పీయే సర్వరు అనుకుంటారు, అపాచీ అనే సర్వరు పెట్టుకోవాలంటే ముందు ప్రోగ్రామింగు రావాలేమోనని జంకుతారు. కౌంటరు ఒక ప్రోగ్రాం, పూజారి ఇంకో ప్రోగ్రాం. రాసినవాళ్లు వేరు, రాసిన భాషలు వేరు కావచ్చు. ఇద్దరి మధ్యా చీటీ ఎలా అందించుకోవాలో ఒక ఒప్పందం ఉంది, అంతే.

ఫోన్ నంబర్లతో మొదలు

టిమ్ బెర్నర్స్‌లీ జెనీవా దగ్గరి సెర్న్ ప్రయోగశాలలో 1990 చివర్లో మొదటి వెబ్ సర్వరును నడిపాడు. నెక్స్ట్ కంపెనీ వారి నల్లటి యంత్రం అది. ఎవరైనా పొరపాటున స్విచ్చి ఆపేస్తారేమోనని, ఇది సర్వరు, దీన్ని ఆపొద్దు అని ఎర్ర సిరాతో రాసి దానికి అతికించారు. అప్పటికి ప్రపంచంలోని వెబ్ మొత్తం ఆ ఒక్క డబ్బాలో ఉండేది మరి.

మొదట అన్నీ స్థిర పేజీలే ఉండేవి, డైనమిక్ పేజీలు చాలా తర్వాత వచ్చాయి అని చెప్పడం రివాజు. అందులో సగమే నిజం. సెర్న్ ఉద్యోగులకు వెబ్ మొదటగా అక్కరకొచ్చింది ఫోన్ నంబర్లు వెతుక్కోవడానికి. డైరెక్టరీ ఒక పెద్ద మెయిన్‌ఫ్రేమ్‌లో ఉండేది. పేరు అడిగితే అక్కడ వెతికి నంబరు తెచ్చి చూపే ఏర్పాటు వెబ్‌కు చేశారు. 1991 డిసెంబరులో పాల్ కుంజ్ అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో, స్లాక్ ప్రయోగశాలలో, యూరప్ బయట మొదటి సర్వరు పెట్టాడు. అది కూడా భౌతికశాస్త్ర పత్రాల డేటాబేసులో వెతుక్కోవడానికే. వెబ్ మొలకెత్తిన ఏడాదికే జనం దాన్ని చదివి ఊరుకోలేదు, ప్రశ్నలు అడగడం మొదలుపెట్టారు. ఆ ప్రశ్నలకు జవాబులు దొరకబట్టే అది నిలదొక్కుకుందని నా అభిప్రాయం.

అయితే ఇలాంటి ఏర్పాటు కావాలంటే ఎవరికి వాళ్లు తమ సర్వరుకు సొంతంగా కుట్టుకోవాల్సి వచ్చేది. దీనికి 1993లో ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో విరుగుడు దొరికింది. అక్కడ ఎన్‌సీఎస్‌ఏ అనే కేంద్రంలో రాబ్ మెకూల్ అనే విద్యార్థి ఒక సర్వరు ప్రోగ్రాం రాశాడు. దానితోపాటే సీజీఐ అనే ఒప్పందం పుట్టింది. దాని సారం రెండు మాటల్లో చెప్పొచ్చు. సర్వరు తనకు వచ్చిన ఉత్తరంలోని వివరాలను పేర్లు పెట్టిన చిన్న చిన్న చీటీలుగా విడగొట్టి ప్రోగ్రాం ముందు పెడుతుంది. ప్రోగ్రాం మామూలుగా తెర మీద రాసుకున్నట్టు జవాబు రాసేస్తుంది, దాన్ని సర్వరు పట్టుకుని బ్రౌజరుకు పంపుతుంది. ఏ భాషలో రాసినా సర్వరుకు పట్టింపు లేదు. సీలో రాయండి, పెర్ల్‌లో రాయండి, రాయడం వస్తే చాలు. ఆ కాలపు అడ్రసుల్లో మధ్యన కనబడే సీజీఐ-బిన్ అన్న ముక్క ఈ పూజారులు కూర్చునే గది పేరు.

ఇంత సులువైన ఒప్పందంలో ఒక ఖరీదైన లోపం దాగుంది. చీటీ వచ్చిన ప్రతిసారీ ప్రోగ్రాంను కొత్తగా మొదలుపెట్టాలి, జవాబివ్వగానే అది ముగిసిపోతుంది. ఒక్కో అర్చనకు ఒక్కో పూజారిని ఇంటి నుంచి కబురుపెట్టి పిలిపించి, అర్చన కాగానే ఇంటికి పంపేసినట్టు. రోజుకు వంద మంది వచ్చే సైటుకు ఫరవాలేదు. నిమిషానికి వేల మంది వచ్చేచోట అసలు పని కన్నా పిలిపించే పనికే యంత్రం అలిసిపోతుంది. అప్పట్నుంచి ఇప్పటిదాకా వెబ్ సర్వర్లలో వచ్చిన మార్పుల్లో ముఖ్యమైనవి చాలావరకు ఈ పిలిపించే ఖర్చు తగ్గించడానికి చేసిన ప్రయత్నాలే.

1994లో మెకూల్ ఎన్‌సీఎస్‌ఏ వదిలి వెళ్లిపోయాడు. ఆయన రాసిన సర్వరు అప్పటికే చాలాచోట్ల నడుస్తోంది, బాగుచేసే నాథుడు లేడు. వాడుతున్నవాళ్లే ఎక్కడికక్కడ అతుకులు వేసుకోవడం మొదలుపెట్టారు. 1995 ఫిబ్రవరిలో బ్రయాన్ బెలెండార్ఫ్, మరికొందరు కలిసి ఎనిమిది మంది బృందంగా ఏర్పడి ఆ అతుకులన్నీ ఒకచోట చేర్చారు. అదే అపాచీ. ఏప్రిల్లో మొదటిసారి జనానికి విడుదలైంది, డిసెంబరు 1న 1.0 వచ్చింది. మరో ఏడాది తిరక్కుండానే ఇంటర్నెట్‌లో ఎక్కువమంది వాడే సర్వరు అదే అయింది. ఎవరి సొత్తూ కాని, ఎవరికీ డబ్బు కట్టనక్కర్లేని ప్రోగ్రాం అలా మొదటి స్థానంలో కూర్చుంది.

సరిగ్గా అదే ఏడాది జూన్‌లో, గ్రీన్‌లాండ్‌లో పుట్టిన రాస్మస్ లెర్డార్ఫ్ ఒక చిన్న పనిముట్ల మూటను అందరికీ పంచాడు. తన బయోడేటాను ఎవరెవరు చూస్తున్నారో లెక్కపెట్టుకోవడానికి రాసుకున్నవి అవి. పీహెచ్‌పీ అక్కణ్నుంచి మొదలైంది. దాని చమత్కారమంతా ఒక్క దగ్గరే ఉంది. మామూలు పేజీ రాసుకుంటూ పోయి, ఖాళీ ఉండాల్సిన చోట మాత్రం ప్రోగ్రాం ముక్క పెట్టొచ్చు. 1998లో ఆండీ గుట్‌మన్స్, జీవ్ సురాస్కీ అనే ఇజ్రాయెల్ కుర్రాళ్లు దాన్ని తిరగరాశారు. పీహెచ్‌పీ యంత్రాంగాన్ని అపాచీ లోపలే కూర్చోబెట్టే పద్ధతి వచ్చింది. పూజారి ఇక గుడి వదిలి వెళ్లడు. చీటీ అందగానే మొదలుపెడతాడు.

జావా లోకంలోనూ ఇదే ఆలోచన ఇంకో దారిలో నడిచింది. సన్ మైక్రోసిస్టమ్స్‌లో పావ్ని దివాన్‌జీ సర్వ్‌లెట్ల పద్ధతిని, అంటే జావాలో రాసిన పూజారుల పద్ధతిని రూపొందించింది, 1997 జూన్‌కు దాని మొదటి కూర్పు పూర్తయింది. వాటిని నడిపే టామ్‌క్యాట్ 1999లో అపాచీ వారి చేతికి వచ్చింది. హైదరాబాదు అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల బోర్డుల మీద సర్వ్‌లెట్స్, జేఎస్‌పీ అని చదివి లోపలికి అడుగుపెట్టి, అటునుంచి అటే అమెరికా వెళ్లిన తెలుగు కుటుంబాలు ఎన్నో. వాళ్లలో చాలామందికి 8080 అన్న అంకె సొంత ఫోన్ నంబరంత పరిచయం. టామ్‌క్యాట్ మామూలుగా కూర్చునే ద్వారం అదే.

సొంత కంప్యూటర్లో

నేర్చుకోవడానికి సర్వరును అద్దెకు తీసుకోనక్కర్లేదు. అపాచీ, పీహెచ్‌పీ, డేటాబేసు కలిపి కట్టిన ఉచిత మూటలు దొరుకుతాయి, వాటిలో జాంప్ అన్నది 2002 నుంచి వాడుకలో ఉంది. దాన్ని ఎక్కించి, అందులో అపాచీ పక్కనున్న మీట నొక్కి, బ్రౌజరులో లోకల్‌హోస్ట్ అని కొట్టండి. లోకల్‌హోస్ట్ అంటే ఈ యంత్రమే, దాని అంకెల అడ్రసు 127.0.0.1. అడిగేదీ ఇచ్చేదీ ఒకే కంప్యూటరు. ఇంటర్నెట్ తీగ పీకేసినా ఇది పనిచేస్తుంది, ఒకసారి పీకి చూస్తే నమ్మకం కుదురుతుంది.

ఇక్కడే మొదటి అడ్డంకి రావచ్చు. అపాచీ మొదలై మళ్లీ వెంటనే ఆగిపోతుంది. నూటికి తొంభై సార్లు కారణం 80వ ద్వారం దగ్గర అప్పటికే ఇంకో ప్రోగ్రాం కూర్చుని ఉండటమే. ఒక ద్వారానికి ఒక్కరే కాపలా. ఆ రెండోదాన్ని ఆపండి, లేదా అపాచీ అమరికల ఫైలులో 80ని 8080గా మార్చండి. మారిస్తే అడ్రసులో లోకల్‌హోస్ట్ పక్కన కోలన్ పెట్టి ఆ అంకె కూడా చేర్చాలి.

ఇప్పుడు హెచ్‌టీడాక్స్ అనే ఫోల్డరు తెరవండి. సర్వరు బయటికి చూపించేది అందులో ఉన్న సరుకునే. నోట్‌ప్యాడులో రెండు వరసలు రాయండి. మొదటిది మామూలు పలకరింపు. రెండోది పీహెచ్‌పీ గుర్తుల మధ్య, ఇప్పుడు టైము ఎంతో సెకన్లతో సహా రాయమనే ఆజ్ఞ. ఫైలు పేరు చివర చుక్క పెట్టి పీహెచ్‌పీ అని ఉండాలి. నోట్‌ప్యాడు చెప్పాపెట్టకుండా దాని వెనక టీఎక్స్‌టీ తగిలిస్తుంది, కనిపెట్టి తీసేయండి. లోకల్‌హోస్ట్ ద్వారా ఆ పేజీ తెరిస్తే టైము కనబడుతుంది. పేజీని మళ్లీ రప్పిస్తే సెకన్లు కదులుతాయి. బ్రౌజరులో పేజీ మూలం చూపించే వీలుంటుంది, అదీ చూడండి. మీరు రాసిన ఆజ్ఞ అందులో ఉండదు, టైము మాత్రమే ఉంటుంది. పూజారి పలికింది భక్తుడి చెవిన పడింది, ఆయన ఏ పుస్తకం చూసి పలికాడో పడలేదు.

తర్వాత అదే ఫైలును ఫోల్డరులోంచి నేరుగా బ్రౌజరులోకి లాగి పడేయండి. మీ ఆజ్ఞ పచ్చిగా కనబడొచ్చు, లేదా ఫైలు డౌన్‌లోడ్ అవుతుంది. టైము మాత్రం రాదు. కౌంటరు దాటకుండా, చీటీ ఇవ్వకుండా వచ్చిన ఫైలు అది. ఫైలు తెరవడం వేరు, సర్వరును అడగడం వేరు అని ఎన్ని పేజీల్లో వివరించినా ఈ ఒక్క ప్రయోగమంత గట్టిగా తలకెక్కదు. దీన్ని చేయకుండా ముందుకు పోవద్దని నా సలహా.

టైము మన గడియారంతో కలవకపోతే కంగారు పడకండి. పీహెచ్‌పీకి మీరు ఏ ఊళ్లో ఉన్నారో తెలియదు. ఏమీ చెప్పకపోతే అది గ్రీన్‌విచ్ కాలం చూపిస్తుంది, మనకంటే అయిదున్నర గంటలు వెనక. కొన్ని మూటల్లో కట్టినవాళ్లు తమ ఊరి కాలం పెట్టి పంపుతారు. అమరికల ఫైలులో ఆసియా/కోల్‌కతా అని ఇంగ్లీషులో రాస్తే సరిపోతుంది.

పలకరింపు తెలుగులో రాస్తే మరో చిక్కు ఎదురుకావచ్చు. అక్షరాల బదులు పైన టోపీలు, పక్కన సున్నాలు పెట్టుకున్న లాటిన్ గుర్తుల గుంపు కనబడుతుంది. ఫైలేమీ చెడిపోలేదు. యూటీఎఫ్-8 అనే లిపి సంకేతంలో ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు పడతాయి. దాన్ని యూటీఎఫ్-8గా చదవమని సర్వరు జవాబు పైవరసల్లో చెప్పకపోతే, బ్రౌజరు ఒక్కో బైటును ఒక్కో అక్షరం అనుకుని విడివిడిగా చదవొచ్చు. ఆ మాట చెప్పించే వరస చేరిస్తే తెలుగు తేటగా వస్తుంది. డేటాబేసులోనూ ఇదే జాగ్రత్త కావాలి. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేసులో యూటీఎఫ్8 అని చాలాకాలం చెలామణీ అయిన అమరిక 3 బైట్ల దాకానే మోస్తుంది. తెలుగుకు అది చాలు. కాని వాడేవాళ్లు పేరు పక్కన 4 బైట్ల నవ్వు బొమ్మ పెట్టిన రోజున ఆ రాత డేటాబేసుకు చేరదు. ఎంబీ4 అని చివరున్న అమరిక ముందే ఎంచుకుంటే గొడవ ఉండదు.

ఇంకొక్క సంగతి. సర్వరుకు మతిమరుపు పుట్టుకతోనే ఉంది. ఒక చీటీకి జవాబిచ్చాక ఆ మనిషిని మరిచిపోతుంది, మరుక్షణం అదే మనిషి వచ్చినా కొత్తవాడే. బజారు సైటులో చీర ఎంచుకుని డబ్బు కట్టే పేజీకి వెళ్లేసరికి చీర మాయమైతే వ్యాపారం నడవదు. నెట్‌స్కేప్ అనే బ్రౌజరు కంపెనీలో పనిచేసే లూ మాంటుల్లీ 1994లో దీనికో ఉపాయం చేశాడు. మొదటి జవాబుతోపాటు సర్వరు ఒక చిన్న గుర్తు ఇస్తుంది, బ్రౌజరు దాన్ని దాచుకుని ఆపై ప్రతి ఉత్తరానికీ జతచేస్తుంది. కుకీ అంటే అదే. మీరు ఎవరో సర్వరు గుర్తుపెట్టుకోవడం లేదు, మీ బ్రౌజరే ప్రతిసారీ గుర్తుచేస్తోంది.

ఏదైనా పాడైతే చూడాల్సింది తెర మీద కాదు. అపాచీ తన తప్పులన్నీ ఎర్రర్ లాగ్ అనే ఫైలులో వేళతో సహా రాసిపెడుతుంది. తెర మీద 500 అని మాత్రమే ఉన్నప్పుడు, ఏ ఫైలులో ఎన్నో వరసలో చుక్కెదురైందో ఆ చిట్టాలో దొరికే అవకాశం ఎక్కువ.

పది గంటలకు ఏమవుతుంది?

ఒక్కరే వాడినప్పుడు ముచ్చటగా నడిచిన ఏర్పాటు లక్ష మంది మీద పడితే ఎందుకు కూలుతుంది? చిన్న లెక్క వేద్దాం. ఒక చీటీకి ఒక పనివాడిని కేటాయించే పాత పద్ధతిలో అపాచీ, మనం ఏమీ మార్చకపోతే, ఒకేసారి 256 మందికి మించి అందుకోదు. ఒక్కో పేజీకి సెకనులో పదో వంతు పడుతుందనుకుందాం. సెకనుకు 2,560 పేజీలు. 5 లక్షల మంది తలా ఒక్కసారి అడిగితే మూడుంపావు నిమిషాల్లో అందరికీ అందిపోతుంది. బాగానే ఉంది కదా.

వెనకున్న డేటాబేసు ఉక్కిరిబిక్కిరై ఒక్కో పేజీకి 2 సెకన్లు తీసుకుందనుకోండి. అదే 256 మంది పనివాళ్లు సెకనుకు ఇవ్వగలిగేది 128. ఆ 5 లక్షలకు గంటా అయిదు నిమిషాలు పడుతుంది. అంతసేపు ఎవరాగుతారు? పేజీ రాలేదని మళ్లీ నొక్కుతారు. నొక్కిన ప్రతిసారీ కొత్త చీటీ పుడుతుంది. మీరు వదిలేసిన పాత చీటీ మీద పని చాలాసార్లు అక్కడ జరుగుతూనే ఉంటుంది, ఎందుకంటే జవాబు పంపబోయేదాకా అవతలి మనిషి వెళ్లిపోయాడని ప్రోగ్రాంకు తెలియదు. ఆత్రం కొద్దీ నొక్కే నొక్కులే రద్దీలో పెద్ద భాగం అవుతాయి.

పనివాళ్లలో కొందరు పనిలేకుండా ఇరుక్కుపోయి ఉండటం ఇంకో బాధ. నెట్ మందంగా ఉన్న ఫోనుకు పేజీ బొట్టుబొట్టుగా వెళ్తుంటుంది, అది పూర్తయ్యేదాకా ఒక పనివాడు ఊరికే నిలబడాలి. ఒకే యంత్రం పదివేల మందిని ఒకేసారి పట్టుకోగలదా అని 1999లో డాన్ కెగెల్ అడిగిన ప్రశ్నకు వచ్చిన జవాబుల్లో బాగా నిలిచింది ఎంజిన్ఎక్స్. రష్యాలో రాంబ్లర్ అనే సైటులో పనిచేస్తూ ఇగోర్ సిసోయెవ్ 2002లో మొదలుపెట్టి, 2004 అక్టోబరులో అందరికీ ఇచ్చాడు. దాని కౌంటరులో ఒక్కో మనిషి వేల చీటీలు చూస్తాడు. ఎవరి దగ్గరా నిలబడిపోడు. ఎవరిది కదిలితే వాళ్ల వైపు తిరుగుతాడు. ఇప్పుడు చాలాచోట్ల ముందు ఎంజిన్ఎక్స్, వెనక పీహెచ్‌పీయో పైథానో ఉంటాయి. అపాచీ కూడా ఊరుకోలేదు, అలాంటి పద్ధతినే తానూ అలవరచుకుంది.

సర్వరు మార్చడం కన్నా చవకైన మందు ఒకటుంది, దాన్ని ఎందుకో చివరికి గాని వాడరు. అడిగినప్పుడే చేయాల్సింది ఏది, ముందే చేసిపెట్టుకోగలిగింది ఏది అని విడదీసి చూడటం. పరీక్ష ఫలితాలు ప్రకటించాక గంటలో మారవు. 5 లక్షల మందికీ ముందే స్థిర పేజీలు చేసి ఉంచితే? ఒక్కోటి 5 కిలోబైట్లు అనుకున్నా మొత్తం 2.5 గిగాబైట్లు. జేబులో పెన్‌డ్రైవ్‌లో పట్టే సరుకు! డేటాబేసును ఆ రోజు అసలు ముట్టుకోనక్కర్లేదు. ఒకసారి చేసిన పేజీని కాసేపు దాచి మళ్లీ వాడుకునే పద్ధతిని క్యాషింగ్ అంటారు. వార్తల సైటు మొదటి పేజీని పది సెకన్లకొకసారి మాత్రమే కొత్తగా తయారు చేసినా చదివేవాళ్లకు తేడా తెలియదు, యంత్రానికి మాత్రం ప్రాణం లేచొస్తుంది.

తత్కాల్ టికెట్ల దగ్గర ఈ ఉపాయం పారదు. ఏసీకి 10 గంటలకు, మిగతా వాటికి 11 గంటలకు తెరుస్తారు. మిగిలిన బెర్తుల సంఖ్య క్షణక్షణం మారుతుంటుంది, పది సెకన్ల కిందటి పేజీ అక్కడ పచ్చి అబద్ధం. ఒక్క బెర్తు మీద ఇద్దరు ఒకే క్షణాన చెయ్యేస్తే ఎవరిదో తేల్చేది వెబ్ సర్వరు కాదు, డేటాబేసు. ఒకరి పని పూర్తయ్యేదాకా ఆ ఒక్క గడికి తాళం వేసి రెండోవారిని ఆపుతుంది. ముందర ఎన్ని సర్వర్లు పెంచినా ఆ తాళం దగ్గరి వరస తగ్గదు.

పేరు రాయమన్న చోట

చీటీ మీద గోత్రనామాలు రాయమంటే ఒక ప్రబుద్ధుడు, హుండీ తాళం తీసి ఈయన చేతిలో పెట్టవలెను, అని రాసిచ్చాడనుకోండి. నిజం పూజారి నవ్వి చీటీ తిప్పికొడతాడు. ప్రోగ్రాం నవ్వదు. రాసింది రాసినట్టు సంకల్పంలో కలిపి చదివేస్తుంది. అవతల డేటాబేసుకు అది ఆజ్ఞలాగే వినిపిస్తుంది, పాటిస్తుంది. ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ అనే ఈ మోసం గురించి 1998లోనే బయటికి రాశారు. ఇప్పటికీ సైట్లు దీనికి దొరికిపోతూనే ఉన్నాయి. కారణం తెలివితక్కువతనం కాదు, తొందర. మూసనూ చీటీనీ ఒకే వాక్యంగా అతికించడం ఒక వరసలో అయిపోయే పని. సరైన పద్ధతిలో మూసను ఖాళీలతో సహా డేటాబేసుకు ముందే అప్పగిస్తాం, చీటీని తర్వాత విడిగా ఇస్తాం. అప్పుడు అందులో ఏం రాసి ఉన్నా అది పేరుగానే మిగులుతుంది, ఆజ్ఞ కాలేదు. మొదటి రోజు నుంచే ఈ అలవాటు చేసుకోవాలి. పాత ప్రోగ్రాం మొత్తం వెతికి మార్చడం నరకం.

చీటీ ఎంతదూరం పోగలదో 2014 సెప్టెంబరులో లోకానికి తెలిసింది. లినక్స్ యంత్రాల్లో ఆజ్ఞలు అందుకునే బాష్ అనే ప్రోగ్రాంలో స్టెఫాన్ షజెలాస్ ఒక లోపం కనిపెట్టాడు. పేర్లు పెట్టిన చీటీలను చదివేటప్పుడు, వాటి తోకన ఉన్న రాతను కూడా అది ఆజ్ఞగా అమలు చేసేస్తోంది. సీజీఐ ఒప్పందం చేసేదే ఊరూపేరూ తెలియని వాళ్ల ఉత్తరాన్ని అలాంటి చీటీలుగా మార్చి ముందు పెట్టడం! నేను ఫలానా బ్రౌజరును అని చెప్పుకునే ఆ ఒక్క వరస చాలు, యంత్రం వశమైపోవడానికి. షెల్‌షాక్ అని పేరుపెట్టి ప్రపంచమంతా హడావుడిగా సరిచేసుకున్నారు. ఆ లోపం బాష్‌లోకి వచ్చింది 1989లో, మొదటి వెబ్ సర్వరు కన్నా ముందు.

అందుకని ఇంట్లో నడిపిన జాంప్‌ను ఉన్నపళంగా ఇంటర్నెట్‌కు తెరవకండి. అది నేర్చుకోవడానికి వీలుగా కట్టిన మూట. డేటాబేసు పెద్ద తాళానికి దానిలో సంకేతపదం కూడా పెట్టి ఉండదు, కట్టినవాళ్లే ఆ మాట చెబుతారు. జనానికి చూపించే రోజు వచ్చినప్పుడు చిన్న లినక్స్ యంత్రం అద్దెకు తీసుకుని, అపాచీయో ఎంజిన్ఎక్సో విడిగా ఎక్కించండి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ నుంచి ఉచితంగా ధ్రువపత్రం తెచ్చుకుని 443 తెరవండి. 80కి వచ్చినవాళ్లను అటే మళ్లించండి. యంత్రాన్ని దూరం నుంచి నడపడానికి మీ ఒక్కరికే తాళం ఉన్న ద్వారం ఇంకొకటి కావాలి. మైఎస్‌క్యూఎల్ కూర్చునే 3306ను మాత్రం బయటికి మూసేయండి. దాన్ని అడిగేది అదే యంత్రంలో పక్కన నడుస్తున్న మీ ప్రోగ్రాం ఒక్కటే.